ప్రోటాన్ తాకిళ్లలో పుట్టిన కణాల ఉష్ణోగ్రతను లెక్కించడం: డేటా ఫైలు నుంచి నివేదిక వరకు

ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేస్తున్నవారు, పీహెచ్‌డీలో కొత్తగా చేరినవారు ఒకే ప్రశ్నను రకరకాలుగా అడుగుతున్నారు. "పయాన్ల డేటా తీసుకున్నాను, ఫార్ములా పెట్టి ఫిట్ చేశాను, టి విలువ 76 వచ్చింది. మా సీనియర్‌కు అదే డేటాకు 126 వచ్చింది. ఎవరిది తప్పు?" (ఈ అంకెలు ఎంఈవీలలో ఉన్నాయి. ఎంఈవీ, జీఈవీ, టీఈవీ శక్తి యూనిట్లు, ఒక్కోటి ముందుదానికి వెయ్యి రెట్లు.) చాలాసార్లు ఎవరిదీ తప్పు కాదు. ఇద్దరూ వేర్వేరు ఫార్ములాలు వాడి, రెండు ఫలితాలకూ ఉష్ణోగ్రత అనే పేరే పెట్టారు.

ప్రోటాన్లు ఢీకొనే చోట థర్మామీటరు పెట్టలేం. మన చేతికి వచ్చేది ఒక్కటే: ఏ కణం, ఎంత ద్రవ్యవేగంతో, ఎన్నిసార్లు బయటికి వచ్చింది అన్న లెక్క. ఆ లెక్కను గ్రాఫుగా గీస్తే కిందికి జారే వక్రం వస్తుంది. అది ఎంత నిటారుగా జారుతోందో చూసి ఉష్ణోగ్రతను ఊహిస్తాం. కాబట్టి ఫిట్‌లో వచ్చిన టి మొదట ఒక పరామితి మాత్రమే. దాన్ని ఉష్ణోగ్రత అని పిలవడానికి ముందు కొంత పని చేయాలి. ఆ పనిని వరుసగా చెబుతాను.

ఉదాహరణగా సెర్న్‌లోని ఆలిస్ ప్రయోగం 7 టీఈవీ ప్రోటాన్–ప్రోటాన్ తాకిళ్లలో కొలిచిన పయాన్, కేయాన్ (తాకిళ్లలో పుట్టే, ప్రోటాన్ కంటే తేలికైన కణాలు), ప్రోటాన్ డేటాను తీసుకుందాం. 2015లో ప్రచురించిన ఈ కొలతలు పయాన్లకు 0.1 నుంచి 3 జీఈవీ వరకు, కేయాన్లకు 0.2 నుంచి 6 వరకు, ప్రోటాన్లకు 0.3 నుంచి 6 వరకు ఉన్నాయి. మొదటిసారి చేసేవారికి ఇంతకంటే అనువైన డేటా నాకు కనిపించలేదు.

1. మొదట తేల్చుకోండి: మీకు కావలసింది ఏ ఉష్ణోగ్రత?

ఈ రంగంలో ఉష్ణోగ్రత అన్న ఒక్క మాట కింద మూడు వేర్వేరు రాశులు తిరుగుతుంటాయి.

మొదటిది వక్రం వాలు నుంచి వచ్చేది. తిర్యక్ ద్రవ్యవేగ వక్రానికి ఎక్స్‌పొనెన్షియల్ గానీ త్సాలిస్ ఫార్ములా (పొడవాటి తోకకు సరిపోయేలా ఎక్స్‌పొనెన్షియల్‌ను సవరించిన రూపం, 5వ మెట్టులో వస్తుంది) గానీ అమర్చితే వస్తుంది. ఎల్‌హెచ్‌సీ పయాన్లకు త్సాలిస్ రూపంలో ఇది 70–80 ఎంఈవీ ప్రాంతంలో ఉంటుంది.

రెండోది కైనెటిక్ ఫ్రీజౌట్ ఉష్ణోగ్రత. కణాలు ఒకదానినొకటి తాకడం మానేసి, ఇక ద్రవ్యవేగం మారని స్థితికి చేరినప్పటిది. దీనికి బ్లాస్ట్ వేవ్ (వ్యాకోచిస్తున్న వేడి మూలం) నమూనా వాడతారు.

మూడోది కెమికల్ ఫ్రీజౌట్ ఉష్ణోగ్రత. ఏ రకం కణాలు ఎన్ని అన్న నిష్పత్తి స్థిరపడినప్పటిది. దీనికి వక్రం ఆకారంతో పని లేదు, మొత్తం సంఖ్యలు చాలు. భారీ కేంద్రకాల తాకిళ్లలో ఇది 156 ఎంఈవీ దగ్గర వస్తుంది. క్వార్కులు హాడ్రాన్లుగా (ప్రోటాన్, పయాన్ వంటి కణాలుగా) మారే దశకు లాటిస్ గణనలు (స్థలకాలాన్ని గడులుగా విభజించి కంప్యూటరులో చేసేవి) ఇచ్చిన విలువ 156.5 ఎంఈవీ. రెండూ దగ్గరగా ఉండటం ఈ రంగంలోని అందమైన ఫలితాల్లో ఒకటి.

మూడింటిలో మీకు ఏది కావాలో నోట్‌బుక్ మొదటి పేజీలోనే రాసుకోండి. ఆ వాక్యం లేకుండా మొదలైన ప్రాజెక్టులే చివరికి 76కూ 126కూ మధ్య ఇరుక్కుంటాయి.

2. చేతికి అందేలా ఉంచుకోవలసినవి

సాఫ్ట్‌వేర్: పైథాన్, దానిలో నంపై, సైపై, ఐమిన్యూట్. లేదా సెర్న్ వారి రూట్. రెండూ ఉచితమే. మామూలు ల్యాప్‌టాప్ సరిపోతుంది.

స్థిరాంకాలు:
- పయాన్ ద్రవ్యరాశి 0.13957 జీఈవీ
- కేయాన్ 0.49368 జీఈవీ
- ప్రోటాన్ 0.93827 జీఈవీ
- 1 ఎంఈవీ = 1.16 × 10¹⁰ కెల్విన్
- 1 జీఈవీ⁻¹ పొడవు = 0.1973 ఫెమ్టోమీటర్లు

లెక్క మొత్తం జీఈవీలలోనే నడిపించండి. కెల్విన్లలోకి చివర ఒక్కసారి మార్చితే చాలు. 156 ఎంఈవీ అంటే సుమారు 1.8 లక్షల కోట్ల కెల్విన్లు. సూర్యుడి కేంద్రం 1.5 కోట్ల కెల్విన్ల దగ్గర ఉంటుంది కాబట్టి, దానికి లక్ష రెట్ల పైమాటే.

ఇక ముందు ప్రతి మెట్టులో రెండు రాశులు వస్తాయి. పీటీ అంటే తిర్యక్ ద్రవ్యవేగం, పుంజానికి అడ్డంగా ఉన్న భాగం. ఎంటీ అంటే తిర్యక్ ద్రవ్యరాశి:

ఎంటీ = √(పీటీ² + ద్రవ్యరాశి²)

పుంజం వెంబడి ఉన్న ద్రవ్యవేగంలో ఢీకొన్న ప్రోటాన్ల మొదటి వేగపు ఛాయ మిగిలి ఉంటుంది. అడ్డదిశలో అలాంటి వారసత్వం లేదు, అక్కడ కనిపించే కదలిక తాకిడిలోనే పుట్టింది. ఉష్ణోగ్రతను అడ్డదిశలో వెతకడానికి కారణం అదే.

3. డేటా తెచ్చుకోవడం, చదవడం

ముడి డేటా జోలికి వెళ్లకండి. డిటెక్టర్ సామర్థ్యం, కణాల గుర్తింపు వంటి సవరణలన్నీ అయిపోయిన ప్రచురిత అంకెలు హెప్‌డేటా భాండాగారంలో దొరుకుతాయి. అక్కడ వ్యాసం పేరుతో వెతికి, పట్టికను సీఎస్‌వీ రూపంలో దించుకోండి.

ఫైలు తెరిచిన వెంటనే ఫిట్‌కు పరుగెత్తకూడదు. పట్టిక తలకట్టును అక్షరం అక్షరం చదవండి. నా అనుభవంలో తప్పుల్లో సగం ఇక్కడే పుడతాయి.

చదవవలసిన అంశాలు:
- నిలువు అక్షం మీద ఉన్నది పీటీ, ర్యాపిడిటీల (పుంజం వెంబడి వేగాన్ని చెప్పే కొలత) యూనిట్‌కు కణాల సంఖ్యా? లేక దాన్ని 2పై × పీటీతో భాగించిన రూపమా?
- ధన, రుణ కణాలను కలిపి ఇచ్చారా, విడివిడిగానా, సగటుగానా?
- ర్యాపిడిటీ పరిధి ఎంత? మన ఉదాహరణలో −0.5 నుంచి 0.5 వరకు.
- ఏ తాకిళ్లతో భాగించారు? అన్ని ఇన్‌ఎలాస్టిక్ (కొత్త కణాలు పుట్టిన) తాకిళ్లతోనా, కనీసం ఒక చార్జి కణం కనిపించిన వాటితోనేనా?
- లామ్డా, కేయాన్–షార్ట్ వంటి అల్పాయుష్క కణాలు క్షయమై ఇచ్చిన కణాలను తీసివేశారా?
- దోషాల వరుసలు ఎన్ని? గణాంక దోషం, క్రమ దోషం (కొలిచే పద్ధతి వల్ల వచ్చేది), మొత్తాన్ని ఒకేసారి పైకీ కిందికీ జరిపే నార్మలైజేషన్ దోషం.

చివరి నుంచి రెండో అంశాన్ని తేలికగా తీసుకోవద్దు. లామ్డా సగటున కొన్ని సెంటీమీటర్లు ప్రయాణించి ప్రోటాన్, పయాన్‌లుగా విడిపోతుంది. ఆ ప్రోటాన్లను తీసేసిన డేటాను, తీయని డేటాను పక్కపక్కన పెట్టి ఉష్ణోగ్రత మారిందనడం అన్యాయం.

తరువాత మీ సొంత పట్టికను ఈ వరుసలో తయారు చేసుకోండి: బిన్ (ఒక్కో విలువకు చెందిన పీటీ గడి) ఎడమ అంచు, కుడి అంచు, విలువ, గణాంక దోషం, క్రమ దోషం. బిన్ మధ్య బిందువు ఒక్కదాన్నే దాచుకుని అంచులను పారేయకండి. 5వ మెట్టులో వాటితో పని పడుతుంది.

4. ఫిట్‌కు ముందు కంటితో చూడండి

నిలువు అక్షాన్ని లాగరిథం స్కేలులో పెట్టి, విలువను పీటీతో భాగించి, ఎంటీ − ద్రవ్యరాశికి ఎదురుగా గీయండి. మామూలు ఉష్ణ సమతాస్థితిలో ఉన్న వాయువైతే ఈ గ్రాఫు దాదాపు సరళరేఖలా ఉండాలి.

అలా ఉండదు. తక్కువ విలువల దగ్గర సరళరేఖలాగే దిగుతుంది, తర్వాత మెల్లగా వంగి పొడవాటి తోకలా సాగుతుంది. ఆ తోకకు కారణం క్వార్కులు, గ్లువాన్లు గట్టిగా ఢీకొని విసిరిన కణాలు. వాటికి ఉష్ణ సమతాస్థితితో సంబంధం లేదు.

ఇప్పుడు కాగితం మీద ఒక చిన్న లెక్క చేయండి. త్సాలిస్ ఫార్ములాలోని (5వ మెట్టులో పూర్తిగా ఉంది, అందులో క్యూ తోక బలాన్ని చెప్పే పరామితి) ముఖ్య భాగాన్ని తీసుకుని, ఏ బిందువు దగ్గరైనా వాలు చెప్పే ఉష్ణోగ్రతను కడితే ఇలా వస్తుంది:

ఆ చోటి టి = (టి + (క్యూ − 1) × ఎంటీ) ÷ క్యూ

టి = 75 ఎంఈవీ, క్యూ = 1.14 అనుకోండి. ఎంటీ 0.3 జీఈవీ దగ్గర వాలు 103 ఎంఈవీ చూపిస్తుంది. 1 జీఈవీ దగ్గర 189. 3 జీఈవీ దగ్గర 434. ఒకే వక్రం, మూడు ఉష్ణోగ్రతలు! ఎక్స్‌పొనెన్షియల్ ఫిట్‌కు మీరు ఏ పరిధి ఎంచుకుంటే ఆ జవాబే వస్తుందని దీని అర్థం. పరిధి రాయకుండా ఎక్స్‌పొనెన్షియల్ ఉష్ణోగ్రతను ప్రకటించడాన్ని నేను ఒప్పుకోను, మీరూ ఒప్పుకోకండి.

5. త్సాలిస్ ఫిట్

ఉష్ణగతిక సూత్రాలకు సరిపోయే రూపం, మధ్య ర్యాపిడిటీ దగ్గర, రసాయన పొటెన్షియల్ (కణాలు, ప్రతికణాల సంఖ్యల తేడాను చెప్పే రాశి) సున్నాగా తీసుకుంటే, ఇది:

కణాల సంఖ్య = గుణకం × ఘనపరిమాణం × పీటీ × ఎంటీ ÷ (2పై)² × [1 + (క్యూ − 1) × ఎంటీ ÷ టి] ^ (−క్యూ ÷ (క్యూ − 1))

ఇక్కడ గుణకం అంటే స్పిన్, చార్జిల వల్ల వచ్చే రకాల సంఖ్య. రెండు చార్జీల పయాన్లు కలిపి ఉంటే 2. ప్రోటాన్, ప్రతిప్రోటాన్ కలిపి ఉంటే 4. ఇది తప్పుగా పెట్టినా టి, క్యూ మారవు, ఘనపరిమాణం ఒక్కటే మారుతుంది. క్యూ 1కి దగ్గరయ్యే కొద్దీ ఈ ఫార్ములా మామూలు ఎక్స్‌పొనెన్షియల్ అవుతుంది. 1 నుంచి ఎంత దూరం ఉంటే తోక అంత బలంగా ఉన్నట్టు.

5.1. కోడ్ సరిగా ఉందో ముందు పరీక్షించండి

పయాన్, పీటీ = 1 జీఈవీ, టి = 0.075 జీఈవీ, క్యూ = 1.14 పెట్టండి. చదరపు బ్రాకెట్ భాగం దాని ఘాతంతో కలిపి 1.79 × 10⁻⁴ రావాలి. ఇప్పుడు క్యూను 1.0001 చేయండి. 1.43 × 10⁻⁶ దగ్గర రావాలి. ఈ రెండూ రాకపోతే ముందుకు వెళ్లకండి, ఘాతంలో గుర్తు గానీ యూనిట్లు గానీ తప్పి ఉంటాయి.

తరువాత ఈ విలువలతోనే కృత్రిమ డేటా తయారు చేసి, దానికి 5 శాతం దోషం తగిలించి, ఫిట్ చేయండి. పెట్టిన టి, క్యూ తిరిగి వస్తున్నాయా? వస్తేనే అసలు డేటా ముట్టుకోండి. ఈ పరీక్షకు పట్టే అరగంట, తర్వాత వృథా అయ్యే వారాలను కాపాడుతుంది.

5.2. బిన్ సగటును వాడండి, మధ్య బిందువును కాదు

వక్రం నిటారుగా పడిపోతున్నప్పుడు బిన్ మధ్యలోని విలువ, బిన్ అంతటి సగటుకు సమానం కాదు. పీటీ ఆరో ఘాతానికి విలోమంగా పడిపోయే వక్రాన్ని, 2 నుంచి 3 జీఈవీ దాకా ఉన్న వెడల్పాటి బిన్‌లో చూడండి. సగటు విలువ మధ్య బిందువు విలువ కంటే 32 శాతం ఎక్కువ. కొలత దోషం 5 శాతం ఉన్నచోట ఇంత తేడాను వదిలేస్తే ఫిట్ మొత్తం వంకరపోతుంది.

సవరణ సులభం. ఫార్ములాను బిన్ ఎడమ అంచు నుంచి కుడి అంచు వరకు ఇంటిగ్రేట్ చేసి, వెడల్పుతో భాగించి, ఆ విలువను డేటాతో పోల్చండి. సన్నని బిన్లకు తేడా తెలియదు, వెడల్పాటి వాటికి తప్పనిసరి.

5.3. మొదలుపెట్టే విలువలు, హద్దులు

- టి: 0.08 జీఈవీతో మొదలు, 0.01కి పైన ఉంచండి.
- క్యూ: 1.12తో మొదలు, 1.001 నుంచి 1.3 మధ్య.
- ఘనపరిమాణం: నేరుగా ఇవ్వకుండా దాని లాగరిథంను పరామితిగా పెట్టండి. ఫిట్ చాలా స్థిరంగా నడుస్తుంది.

క్యూకు పై హద్దు ఊరికే పెట్టింది కాదు. అది 4/3కు చేరితే ఈ ఫార్ములా ప్రకారం శక్తి సాంద్రత అనంతమవుతుంది. ఫిట్ అటువైపు జారుతుంటే డేటాలోనో కోడ్‌లోనో ఏదో పాడైందని గ్రహించండి.

5.4. ఒక్కో కణానికి విడిగా, తర్వాత కలిపి

ముందు పయాన్లు, తర్వాత కేయాన్లు, తర్వాత ప్రోటాన్లు విడివిడిగా ఫిట్ చేయండి. ఆ తరువాత మూడింటికీ ఒకే టి, ఒకే క్యూ పెట్టి, ఘనపరిమాణాలు మాత్రం వదిలి, మళ్లీ చేయండి. రెండో ఫిట్ చెడితే అది మీ వైఫల్యం కాదు. అన్ని కణాలూ ఒకే స్థిర మూలం నుంచి ఒకే సమయంలో రాలేదని డేటా చెబుతోంది. 7వ మెట్టు అవసరం అక్కడే మొదలవుతుంది.

5.5. ఆ 126 ఎక్కడిది?

ఆలిస్ వ్యాసాల్లో తరచూ కనిపించేది లెవీ–త్సాలిస్ రూపం. అందులో ముందు ఎంటీ గుణకం ఉండదు, బ్రాకెట్‌లో ఎంటీ బదులు ఎంటీ − ద్రవ్యరాశి ఉంటుంది. దాని సి అనే పరామితికి కూడా ఎంఈవీలే యూనిట్, అందుకే చాలామంది దాన్ని ఉష్ణోగ్రత అనుకుంటారు. 5వ మెట్టు ఫార్ములాలోని బ్రాకెట్‌ను లెవీ రూపంలోకి తిప్పి రాస్తే సంబంధం ఇది:

సి = (టి + (క్యూ − 1) × ద్రవ్యరాశి) ÷ క్యూ

ద్రవ్యరాశి ఆ సమాసంలోనే కలిసిపోయింది చూడండి. పైగా ముందున్న ఎంటీ గుణకం తీసేయడం వల్ల వక్రాన్ని అందుకోవడానికి సి మరింత పెరగాలి. ఈ రెండు కారణాలతో ఒకే డేటాకు టి 76, సి 126 రావడం సహజం. రెండింటినీ ఒకే గ్రాఫు మీద పెట్టి శక్తితో ఉష్ణోగ్రత పెరిగిందని చూపించడం మాత్రం తప్పు.

6. దోషాలను నిజాయితీగా చూపడం

గణాంక దోషాన్ని, క్రమ దోషాన్ని వర్గాల మొత్తానికి వర్గమూలంగా కలిపి ఫిట్‌కు ఇవ్వడం వాడుక. నార్మలైజేషన్ దోషాన్ని ఇందులో కలపకండి, అది వక్రం ఆకారాన్ని మార్చదు. ఫిట్ అయ్యాక ఘనపరిమాణం మీద మాత్రం వేయండి.

సైపై వాడేవారు కర్వ్ ఫిట్‌లో అబ్సల్యూట్ సిగ్మా అన్న ఎంపికను తప్పక ఆన్ చేయాలి. లేకపోతే అది మీ దోషాలను తనకు తోచినట్టు కుదించి, పరామితుల దోషాలను మార్చి ఇస్తుంది. హెచ్చరిక కూడా రాదు.

కై వర్గాన్ని (డేటాకు, ఫిట్‌కు ఉన్న తేడాలను దోషాలతో భాగించి, వర్గాలు కూడితే వచ్చేది), బిందువుల సంఖ్యలోంచి పరామితుల సంఖ్య తీసివేయగా మిగిలిన అంకెతో భాగించండి. 0.2 వస్తే సంబరపడకండి. పక్కపక్క బిన్ల క్రమ దోషాలు కలిసి కదులుతాయి, మనం వాటిని విడివిడిగా కదిలేవిగా లెక్కించాం. అందుకే అంత తక్కువ. 1 కంటే బాగా ఎక్కువ వస్తే ఫార్ములా ఆ పరిధికి పనికిరాదని అర్థం.

టి, క్యూ ఒకదానికొకటి ఎదురుగా కదులుతాయి. ఒకటి పెరిగితే రెండోది తగ్గి, దాదాపు అదే వక్రాన్ని ఇస్తాయి. ఐమిన్యూట్‌లో ఈ రెండింటి కాంటూర్ గీయండి. సన్నని వాలు దీర్ఘవృత్తం కనిపిస్తుంది. ఆ చిత్రం లేకుండా టి మీద ఒంటరి దోషం రాస్తే చదివేవారికి సగం సమాచారమే అందుతుంది.

పరిధి పరీక్ష చేయండి. పై హద్దును 3 నుంచి 2.5కు, 2కు తగ్గించి చూడండి. కింది హద్దును 0.1 నుంచి 0.3కు పెంచి చూడండి. టి ఎంత కదిలిందో రాసుకోండి. ఆ కదలిక ఫిట్ చూపించిన దోషం కంటే పెద్దదైతే, నిజమైన దోషం ఆ కదలికే.

ఒక చివరి తనిఖీ: ఫిట్ వక్రాన్ని సున్నా నుంచి ఇంటిగ్రేట్ చేసి సగటు పీటీ కట్టండి. 7 టీఈవీ దగ్గర పయాన్లకు సుమారు 0.47, కేయాన్లకు 0.77, ప్రోటాన్లకు 0.90 జీఈవీ రావాలి. ద్రవ్యరాశి పెరిగే కొద్దీ సగటు పెరగాలి. ఆ వరుస తప్పితే డేటా ఫైళ్లు తారుమారై ఉంటాయి.

7. బ్లాస్ట్ వేవ్: వేడిని, ప్రవాహాన్ని విడదీయడం

వేడిగా ఉన్న మూలం బయటికి వ్యాకోచిస్తుంటే వక్రం చదునవుతుంది, లేని వేడి ఉన్నట్టు కనిపిస్తుంది. ఎంత కనిపిస్తుందో చూడండి: ఎక్కువ పీటీ దగ్గర, టి = 100 ఎంఈవీ ఉన్న మూలం కాంతివేగంలో 0.6 వంతుతో దూసుకొస్తే, √((1 + 0.6) ÷ (1 − 0.6)) = 2. అంటే మనకు 200 ఎంఈవీలా కనిపిస్తుంది. బరువైన కణాలకు తక్కువ పీటీ దగ్గర ఈ ప్రభావం మరింత స్పష్టం. అందుకే పయాన్, కేయాన్, ప్రోటాన్ మూడింటినీ కలిపే ఫిట్ చేయాలి, ఒక్క కణంతో ఈ రెండు ప్రభావాలూ విడిపోవు.

వరుస ఇది:

అ) వేగం కేంద్రం దగ్గర సున్నా, ఉపరితలం దగ్గర గరిష్ఠం. మధ్యలో వ్యాసార్ధపు ఎన్‌వ ఘాతంగా పెరుగుతుందని తీసుకోండి. ఆ వేగానికి విలోమ హైపర్బోలిక్ టాంజెంట్ కడితే ప్రవాహ ర్యాపిడిటీ వస్తుంది, దాన్ని రో అందాం.

ఆ) 0 నుంచి 1 వరకు వ్యాసార్ధం మీద ఇంటిగ్రేట్ చేయవలసింది: వ్యాసార్ధం × ఎంటీ × ఐ సున్నా బెసెల్ (పీటీ × సైన్‌హెచ్ రో ÷ టి) × కె ఒకటి బెసెల్ (ఎంటీ × కాష్‌హెచ్ రో ÷ టి). దాన్ని పీటీతో గుణించండి.

ఇ) ఉమ్మడి పరామితులు మూడు: టి, ఉపరితల వేగం, ఎన్. విడి పరామితులు మూడు: ఒక్కో కణానికి నార్మలైజేషన్.

ఈ) పరిధులు: పయాన్లు 0.5–1, కేయాన్లు 0.2–1.5, ప్రోటాన్లు 0.3–3 జీఈవీ. ఆలిస్ భారీ అయాన్ల విశ్లేషణల్లో వాడిన పరిధులు ఇవే, పోలిక కోసం వాటినే పాటించండి. పయాన్లను 0.5 కింద ఎందుకు వదిలేస్తారంటే, అక్కడ రో మెసాన్ (పైన చెప్పిన ప్రవాహ ర్యాపిడిటీ కాదు), ఒమేగా మెసాన్, డెల్టా వంటి అల్పాయుష్క కణాలు విడిపోయి ఇచ్చిన పయాన్లు గుంపుగా ఉంటాయి.

ఉ) సగటు వేగం = ఉపరితల వేగం × 2 ÷ (2 + ఎన్).

ఫిట్ మధ్యలో టి బాగా చిన్న విలువకు జారితే బెసెల్ ఫలితాలు అనంతమై కోడ్ ఆగిపోతుంది. సైపైలో ఎక్స్‌పొనెన్షియల్ భాగాన్ని వేరు చేసి ఇచ్చే బెసెల్ ప్రమేయాలు ఉన్నాయి. వాటిని వాడి, రెండు ఘాతాలనూ ముందు కూడి, చివర ఒక్కసారి గుణించండి. ఉపరితల వేగానికి 1 కంటే తక్కువ హద్దు పెట్టడం మరవకండి.

వచ్చిన జవాబును దేనితో పోల్చాలి? 2.76 టీఈవీ సీసం–సీసం తాకిళ్లలో, అతి కేంద్రీయమైన (కేంద్రకాలు నేరుగా ఢీకొన్న) వాటికి ఆలిస్ ఇచ్చిన విలువలు టి సుమారు 95 ఎంఈవీ, సగటు వేగం సుమారు 0.65. ప్రోటాన్ తాకిళ్లలో టి దానికంటే ఎక్కువగా, వేగం తక్కువగా రావాలి.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. బ్లాస్ట్ వేవ్ ఫిట్ బాగా కుదిరింది కాబట్టి ప్రోటాన్ తాకిడిలో ద్రవంలా ప్రవహించే పదార్థం పుట్టిందని రాయకండి. ప్రోటాన్ తాకిళ్లను కంప్యూటరులో అనుకరించే పిథియా సిమ్యులేషన్‌లో ద్రవమే లేదు. అయినా అందులో కలర్ రీకనెక్షన్ (క్వార్కులు, గ్లువాన్ల మధ్య బంధాలు మళ్లీ కొత్తగా కలవడం) అనే ప్రక్రియను ఆన్ చేస్తే ఇలాంటి ప్రవాహపు ఆనవాళ్లే కనిపిస్తాయి. వీలైతే పిథియాతో అదే విశ్లేషణ చేసి పక్కన పెట్టండి. ఆ ఒక్క పోలిక మీ పనికి ఇచ్చే బలం మరో పది ఫిట్‌లు ఇవ్వలేవు.

8. నిష్పత్తుల నుంచి కెమికల్ ఫ్రీజౌట్

దీనికి కోడ్ మీరే రాయనక్కరలేదు. థర్మల్ ఫిస్ట్ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. దానికి కణాల మొత్తం సంఖ్యలు ఇస్తే టి, ఘనపరిమాణం ఇస్తుంది. మూడు జాగ్రత్తలు చాలు.

ఒకటి, బేరియాన్ రసాయన పొటెన్షియల్‌ను సున్నాగా పెట్టవచ్చు. ఎందుకో మీరే కట్టి చూడండి. 7 టీఈవీ దగ్గర ప్రతిప్రోటాన్, ప్రోటాన్ నిష్పత్తి 0.991గా ఆలిస్ కొలిచింది. నిష్పత్తి లాగరిథంను −2తో భాగించి, టి = 156 ఎంఈవీతో గుణిస్తే 0.7 ఎంఈవీ వస్తుంది. 0.9 టీఈవీ దగ్గరి 0.957 నిష్పత్తికి 3.4 ఎంఈవీ. రెండూ టి ముందు చాలా చిన్నవి.

రెండు, వ్యవస్థ చిన్నది. కాబట్టి స్ట్రేంజ్‌నెస్ (స్ట్రేంజ్ క్వార్కుల లెక్క) సగటున కాక ప్రతి తాకిడిలోనూ కచ్చితంగా నిలిచే కానానికల్ పద్ధతిని ఎంచుకోండి. లేదంటే కేయాన్లు, లామ్డాలు, ఒమేగాలు ఉండవలసిన దానికంటే ఎక్కువ లెక్కకు వస్తాయి. కణాలు ఎక్కువగా పుట్టిన ప్రోటాన్ తాకిళ్లలో స్ట్రేంజ్ కణాల వాటా పెరుగుతుందని 2017లో ఆలిస్ చూపింది. అందువల్ల అన్ని తాకిళ్లనూ కలిపి ఒకే టి చెప్పడం కంటే, కణాల సంఖ్యను బట్టి తరగతులుగా విడగొట్టి చెప్పడం మేలు.

మూడు, కొలవని తక్కువ పీటీ భాగాన్ని ఫిట్‌తో పొడిగించి మొత్తం సంఖ్య కట్టారు కదా, ఆ పొడిగింపు మొత్తంలో ఎంత శాతమో ప్రతి కణానికీ రాయండి. లెవీ–త్సాలిస్, బ్లాస్ట్ వేవ్ రెండింటితో పొడిగించి, తేడాను దోషంగా చూపండి.

9. తరచూ జరిగే పొరపాట్లు, సవరణలు

టి అనుమానం వచ్చేంత తక్కువగా ఉంది. పీటీతో భాగించిన డేటాకు, పీటీ గుణకం ఉన్న ఫార్ములా పెట్టి ఉంటారు. నేను మొదట్లో వారం రోజులు పోగొట్టుకున్నది ఇక్కడే. తలకట్టు మళ్లీ చదవండి.

తక్కువ పీటీ దగ్గర ఫిట్ డేటాకు పైన పోతోంది, ఎక్కువ దగ్గర సరిపోతోంది. పైదానికి సరిగ్గా తిరగేసిన తప్పు: భాగించని డేటా, పీటీ గుణకం లేని ఫార్ములా.

టి హద్దు దగ్గర అతుక్కుపోయింది. మొదలుపెట్టే విలువలు మార్చి పదిసార్లు నడపండి. ప్రతిసారీ అదే హద్దు వస్తే డేటా యూనిట్లు ఎంఈవీలలో ఉన్నాయేమో చూడండి.

ప్రోటాన్ల టి పయాన్ల టికి చాలా దూరంగా ఉంది. తప్పు కాకపోవచ్చు. ముందు క్షయాల సవరణ జరిగిందో చూసి, జరిగి ఉంటే ఆ తేడానే ఫలితంగా రాయండి.

ఎక్కువ కణాలున్న తరగతిలో టి, క్యూ రెండూ పెరిగాయి. కణాల సంఖ్యను లెక్కించిన ర్యాపిడిటీ ప్రాంతం, పీటీ కొలిచిన ప్రాంతం ఒకటేనా? ఒకటే అయితే జెట్లు (ఒకే దిశలో గుంపుగా దూసుకొచ్చే కణాలు) ఉన్న తాకిళ్లను మీరే ఏరి పెట్టుకున్నట్టు. వేర్వేరు ప్రాంతాల్లో కొలిచిన డేటాను ఎంచుకోండి.

రెండు ప్రయోగాల డేటా కలిపితే ఫిట్ చెడింది. భాగహారంగా తీసుకున్న తాకిళ్ల నిర్వచనాలు ఒకటి కావు. కలపకుండా, విడివిడిగా ఫిట్ చేసి టి, క్యూలను మాత్రమే పోల్చండి.

10. నివేదికకు ముందు చివరి తనిఖీ

- మూడు ఉష్ణోగ్రతల్లో ఏదో మొదటి పేరాలోనే రాశారా?
- ఫార్ములాను పూర్తిగా, ముందున్న గుణకాలతో సహా ఇచ్చారా?
- ప్రతి కణానికీ ఫిట్ పరిధి పట్టికలో ఉందా?
- కై వర్గం, బిందువుల సంఖ్య, పరామితుల సంఖ్య మూడూ ఉన్నాయా?
- టి, క్యూ కాంటూర్ గీశారా? పరిధి మార్చినప్పుడు వచ్చిన కదలిక చూపారా?
- డేటాను ఫిట్‌తో భాగించిన గ్రాఫు కింద ఉందా? లాగరిథం స్కేలులో 20 శాతం తేడా కంటికి ఆనదు, ఈ గ్రాఫులో వెంటనే తెలుస్తుంది.
- పిథియా వంటి ద్రవం లేని నమూనాతో పోలిక ఉందా?
- కోడ్, వాడిన పట్టిక కాపీ, సాఫ్ట్‌వేర్ వెర్షన్ ఒకే ఫోల్డరులో పెట్టి, మీ పక్కన కూర్చునేవారితో మొదటి నుంచి ఒకసారి నడిపించారా? వారి తెరమీద కూడా మీ టి విలువే రావాలి.